స్కానింగ్ సరే... డోసు ఎంత?

తలకు దెబ్బ తగిలినా, కడుపులో మెలిపెట్టినా, దగ్గు తగ్గకపోయినా ఇప్పుడు ముందుగా వినిపించే మాట ‘ఒకసారి సీటీ తీయిద్దాం’. ఫీజు ఎంతో అడుగుతాం. రిపోర్టు ఎప్పుడిస్తారో అడుగుతాం. ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్లిందో మాత్రం అడగం. అడగాలా? అడగాలి. భయపడాలా? అది వేరే సంగతి.

2021 మే నెల మొదటి వారం. కొవిడ్ రెండో అల ఊళ్లకు ఊళ్లను ముంచుతోంది. ఆర్‌టీ-పీసీఆర్ ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూడలేక జనం స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరారు. హెచ్‌ఆర్‌సీటీ (ఛాతీ సీటీ) అనే మాట కూరగాయల బండి దగ్గర కూడా వినిపించిన రోజులవి. ‘మీకెంత వచ్చింది?’ అంటే ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత పాకిందో చెప్పే స్కోరు, పాతికకు ఎంత అని. ఎనిమిదైతే గండం గడిచినట్టు, పద్దెనిమిదైతే బెడ్డు కోసం ఫోన్లు మొదలుపెట్టాల్సిందే. జ్వరం వచ్చిన మర్నాడే ఒకటి, వారం తిరక్కుండా ‘తగ్గిందో లేదో చూద్దాం’ అని ఇంకొకటి తీయించుకున్నవాళ్లు మన వీధుల్లోనే ఎందరో ఉన్నారు. ధరల మీద గగ్గోలు పుట్టి, ప్రభుత్వాలు పరిమితి పెట్టాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ రణదీప్ గులేరియా ఒక హెచ్చరిక చేశారు. ఒక్క ఛాతీ సీటీ మూడు నాలుగు వందల ఎక్స్‌రేలకు సమానమని, కొద్దిపాటి లక్షణాలున్నవాళ్లు దాని జోలికి పోవద్దని, చిన్న వయసులో పదేపదే తీయించుకుంటే ముందుముందు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని. ఆయన మాట టీవీల్లో ఇంకా తిరుగుతుండగానే రేడియాలజిస్టుల సంఘం, ఇండియన్ రేడియలాజికల్ అండ్ ఇమేజింగ్ అసోసియేషన్, అడ్డంగా ఖండించింది. ఇది పాతకాలపు లెక్క, ఇప్పటి యంత్రాల్లో డోసు అయిదు నుంచి పది ఎక్స్‌రేలకు మించదు అని.

ఒకరు మూడు వందలంటారు, ఇంకొకరు పదంటారు. చదువుకున్నవాళ్ల మధ్యే ఇంత తేడా ఉంటే మామూలు మనిషి ఏం చేస్తాడు? చానెల్ మార్చేశాడు. ఆ గొడవ అక్కడితో ఆగిపోయింది. ఆగిపోకుండా ఉండాల్సింది.

రెండు లెక్కలూ నిజమే

ఒంటికి తగిలిన రేడియేషన్ ప్రభావాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఏ పరీక్షా చేయించుకోకుండా ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, గాలిలోని రాడాన్ నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు మనకు తగులుతూనే ఉంటాయి. ముందు నుంచి తీసే ఒక్క ఛాతీ ఎక్స్‌రేకి 0.02. పక్కనుంచి తీసేదాన్ని కూడా కలుపుకుని కొన్ని పట్టికల్లో 0.1 అని వేస్తారు. మామూలు సెట్టింగులతో తీసిన ఛాతీ సీటీకి సుమారు 7. డోసు బాగా తగ్గించి తీస్తే 1 దగ్గరికి దించవచ్చు.

ఇప్పుడు లెక్క కట్టండి. 7ని 0.02తో భాగిస్తే 350. 1ని 0.1తో భాగిస్తే 10. ఎయిమ్స్ డైరెక్టరూ అబద్ధం చెప్పలేదు, రేడియాలజిస్టులూ చెప్పలేదు. ఛాతీ అదే, పరీక్ష పేరూ అదే. మారింది యంత్రం మీద పెట్టిన సెట్టింగు, పోలికకు తెచ్చుకున్న ఎక్స్‌రే. అంటే ‘ఒక సీటీ ఎన్ని ఎక్స్‌రేలకు సమానం’ అనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ‘నాకు తీసిన సీటీలో డోసు ఎంత?’ అన్న ప్రశ్నకు మాత్రం కచ్చితమైన జవాబుంది. అది ఆ యంత్రం దగ్గరే ఉంది. ఆ రోజుల్లో టీవీ చర్చలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

గ్రామఫోన్ కంపెనీ ఇచ్చిన వరం

సీటీ పుట్టుక చిత్రమైనది. కుక్క బొమ్మతో మన ఇళ్లలో పాటలు వినిపించిన హెచ్‌ఎంవీ రికార్డులు గుర్తున్నాయా? ఆ లేబుల్‌కు అప్పటి యజమాని బ్రిటన్ కంపెనీ ఈఎంఐ. అందులో పనిచేసే గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజినీరు తలకెత్తుకున్న ఆలోచన ఇది. ఎక్స్‌రేని ఒకవైపు నుంచి కాక చుట్టూ తిప్పి అనేక కోణాల నుంచి పంపి, వచ్చిన లెక్కలన్నీ కంప్యూటర్‌కి ఇస్తే శరీరాన్ని కోయకుండానే అడ్డుకోత బొమ్మ తయారవుతుందని. 1971 అక్టోబరు 1న లండన్‌లోని వింబుల్డన్ ప్రాంతంలో ఉన్న అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మెదడులో కణితి అనుమానంతో వచ్చిన ఒక మహిళకు తొలి స్కాన్ తీశారు. ఒక్కో కోతకు నిమిషాల కొద్దీ సమయం పట్టింది. బొమ్మ మసకగానే ఉంది, కానీ మెదడులోని గడ్డ కనిపించింది. దీనికి కావలసిన గణితాన్ని అంతకుముందే విడిగా రాసి పెట్టిన అలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ అందుకున్నాడు.

ఈ యంత్రం చేసిన మేలు చిన్నది కాదు. బైకు మీద నుంచి పడి స్పృహ తప్పినవాణ్ని తీసుకొస్తే పుర్రెలో రక్తం ఎక్కడ గడ్డకట్టిందో నిమిషాల్లో తెలుస్తోంది. పక్షవాతం వచ్చినవారికి నాళం మూసుకుపోయిందా, చిట్లిందా తేల్చనిదే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం ప్రమాదం. ఆ తేల్చే పని సీటీదే. సీటీ రాకముందు కడుపు కోసి చూస్తే తప్ప తెలియనివి ఎన్నో ఉండేవి. ఈ వ్యాసం చదివి ‘నాకు సీటీ వద్దు’ అని ఎమర్జెన్సీ వార్డులో ఎవరైనా భీష్మించుకు కూర్చుంటే అది నా రాతలో లోపం.

మంచిదైనందుకే వచ్చిన చిక్కు ఇది. ఇప్పుడు ఊపిరి బిగపట్టినంతలో ఛాతీ స్కాన్ అయిపోతోంది. నొప్పి లేదు, కోత లేదు. అమెరికాలో 1980 ప్రాంతంలో ఏడాదికి 30 లక్షల సీటీలు తీసేవాళ్లు. 2023 నాటికి 9.3 కోట్లకు చేరాయని అంచనా. చిన్న పట్టణాల్లో కూడా సీటీ బోర్డులు వెలుస్తున్న మన దగ్గర మాత్రం ఆ వాడకం తగ్గుతుందా!

బొమ్మ అందంగా ఉందంటే...

పాత ఎక్స్‌రే ఫిల్ముకి ఒక మంచి గుణం ఉండేది. డోసు ఎక్కువైతే ఫిల్ము నల్లబడిపోయేది. టెక్నీషియన్ తప్పు అక్కడికక్కడే బయటపడేది. సీటీలో ఆ కట్టడి లేదు. డోసు తగ్గితే బొమ్మ గరుకుగా, చుక్కలు చుక్కలుగా వస్తుంది, రేడియాలజిస్టు విసుక్కుంటాడు. డోసు పెరిగితే బొమ్మ చెడిపోదు, ఇంకా నునుపుగా వస్తుంది. అందరూ సంతోషిస్తారు. అందువల్ల అవసరానికి మించిన డోసు ఏళ్ల తరబడి వెళ్తున్నా ఎవరికీ అనుమానం రాదు.

ఇది ఊహ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఎంతో పేరున్న ఆసుపత్రి. 2008 ఫిబ్రవరిలో అక్కడ పక్షవాతం రోగులకు మెదడులో రక్తప్రసరణ చూసే పర్‌ఫ్యూజన్ సీటీ సెట్టింగులు మార్చారు. తర్వాత ఏడాదిన్నర పాటు 206 మందికి ఉండాల్సిన దానికి ఎనిమిది రెట్ల డోసు వెళ్లింది. ఎవరు కనిపెట్టారు? డాక్టర్లు కాదు, ఇంజినీర్లు కాదు. జుట్టు పట్టీలా ఊడిపోయిందేమిటని ఒక రోగి వచ్చి అడిగితే 2009 ఆగస్టులో సంగతి బయటపడింది. ఆ ఏడాదిన్నరలో స్కాన్ తెర మీద డోసు అంకె కనిపిస్తూనే ఉంది. అదే కాలిఫోర్నియాలో అంతకు కొద్దికాలం ముందు ఇంకో ఆసుపత్రిలో ఒక పసివాడికి ఒకే చోట గంటకు పైగా 151 సార్లు స్కాన్ నొక్కారు. ఈ రెండూ కలిసి ఆ రాష్ట్రాన్ని కదిలించాయి. 2010లో చట్టం చేశారు. 2012 జులై నుంచి అక్కడ ప్రతి సీటీ డోసూ నమోదు కావాల్సిందే.

అవి ప్రమాదాలు, వాటిని పక్కన పెట్టండి. మామూలు రోజున మామూలు పనిలోనే తేడా ఎంత ఉంటుందో చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల నాలుగు ఆసుపత్రుల్లో 1,119 మంది రోగుల వివరాలను డాక్టర్ రెబెకా స్మిత్-బైండ్‌మన్ బృందం 2009లో పరిశీలించింది. ఒకే రకం స్కాన్‌లో అతి తక్కువ డోసుకూ అతి ఎక్కువ డోసుకూ మధ్య సగటున 13 రెట్ల తేడా కనిపించింది. రోగి ఏ తలుపు తట్టాడన్న దాన్ని బట్టి, ఆ రోజు ఏ సెట్టింగు పెట్టారన్న దాన్ని బట్టి డోసు మారిపోతోందన్నమాట. అమెరికాలోనే ఇలా ఉంటే, జిల్లా కేంద్రంలో రోజుకు యాభై స్కాన్‌లు తీసే సెంటర్‌లో కంపెనీవాళ్లు బిగించిన రోజు పెట్టిన సెట్టింగే నేటికీ నడుస్తోందా, ఎవరైనా సరిచూశారా అని అడగడం అతి అవుతుందా?

ముప్పు ఎంత?

ఇక్కడే జాగ్రత్తగా మాట్లాడాలి. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ వాడే లెక్క ఇది: 10 మిల్లీసీవర్ట్‌ల సీటీ ఒకటి తీయించుకుంటే, దానివల్ల ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం రెండు వేల మందిలో ఒకరికి పెరగవచ్చు. మన దేశంలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎలాగూ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. దాని పక్కన పెట్టి చూస్తే సీటీ కలిపేది చాలా కొద్ది. ఒక మనిషికి అది చిన్న ముప్పే. కోట్ల మందికి తీసినప్పుడు, అందులో కొన్ని అక్కర్లేనివి అయినప్పుడు మొత్తం చిన్నది కాదు. స్మిత్-బైండ్‌మన్ బృందమే 2025లో ఇంకో లెక్క వేసింది. అమెరికాలో 2023లో తీసిన సీటీల వల్ల మున్ముందు 1,03,000 మందికి క్యాన్సర్ రావచ్చని. ఇది నమూనా మీద వేసిన అంచనా, మనుషులను లెక్కపెట్టి తేల్చింది కాదు. రేడియాలజిస్టులు దీన్ని గట్టిగానే ప్రశ్నించారు.

ఈ అంచనాలన్నిటికీ మూలం హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవాళ్ల ఆరోగ్య రికార్డులు. పెద్ద డోసులో కనిపించిన నష్టాన్ని చిన్న డోసుకి గీత గీసి దించుతారు. ఆ గీత తిన్నగానే దిగుతుందా అన్నది శాస్త్రవేత్తల మధ్య తెగని వాదం. మన పక్కనే కేరళలోని కరునాగపల్లి తీరం ఉంది. అక్కడి మోనజైట్ ఇసుకలో థోరియం వల్ల సహజ రేడియేషన్ మిగతా చోట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో క్యాన్సర్లు ఎక్కువైన జాడ కనబడలేదు. అయితే ఏళ్లమీద కొద్దికొద్దిగా తగిలేదీ, ఒక్క క్షణంలో తగిలేదీ ఒకటేనా అంటే, అదీ వాదమే.

పిల్లల విషయంలో మాత్రం వాదానికి చోటు బాగా తగ్గిపోయింది. వాళ్ల కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి, ముందు బతకాల్సిన బతుకు చాలా ఉంటుంది. 2012లో బ్రిటన్ నుంచి, 2013లో ఆస్ట్రేలియా నుంచి ముప్పు ఉందని చెప్పే అధ్యయనాలు వచ్చాయి. 2023లో తొమ్మిది యూరప్ దేశాల్లో చిన్నతనంలో సీటీ తీయించుకున్న 9,48,174 మందిని గమనించిన పెద్ద అధ్యయనం వెలువడింది. డోసు పెరిగేకొద్దీ రక్త క్యాన్సర్లు పెరగడం అందులో స్పష్టంగా కనిపించింది. ఇప్పటి డోసులతో స్కాన్ చేసిన ప్రతి 10 వేల మంది పిల్లల్లో ఒకరిద్దరికి తర్వాతి పన్నెండేళ్లలోపు ఆ జబ్బు రావచ్చన్నది దాని సారాంశం. చాలా అరుదే. అయినా మంచం మీద నుంచి జారిపడి, రెండు నిమిషాలు ఏడ్చి, మళ్లీ ఆడుకుంటున్న పిల్లకు సీటీ ఎందుకు? తలకు దెబ్బ తగిలిన 42 వేల మందికి పైగా పిల్లలను గమనించి అమెరికా పరిశోధకులు 2009లో ఒక నియమావళి ఇచ్చారు. పిల్ల మామూలుగా ఉందా, స్పృహ తప్పిందా, వాంతులయ్యాయా, పుర్రె విరిగిన జాడ ఉందా, ఎంత ఎత్తు నుంచి పడింది లాంటివి చూసి, ముప్పు లేదనుకుంటే స్కాన్ లేకుండా కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటే సరిపోతుందని. మనవాళ్లలో చాలామంది పిల్లల వైద్యులకు ఇది తెలుసు. ‘స్కాన్ రాయలేదేంటి, ఇదేం డాక్టరు’ అనే తల్లిదండ్రులకే తెలియదు. తప్పు ఎప్పుడూ తెల్లకోటు వైపే ఉండదు.

డెబ్బై దాటిన పెద్దవాళ్ల సంగతి దీనికి తలకిందులు. రేడియేషన్ వల్ల కణితులు రావాలంటే సాధారణంగా పదేళ్లూ ఆపైనా పడుతుంది. ఆ వయసులో సీటీ విషయంలో డోసుకంటే, బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందుకు కిడ్నీలు తట్టుకుంటాయా అన్నదే పెద్ద ప్రశ్న. అందుకే ముందు రక్తంలో క్రియాటినిన్ చూస్తారు.

ఒక్క స్కాన్ పేరుతో నాలుగు

తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు. పొట్ట, కటి భాగం కలిపి తీస్తే 8 నుంచి 10. అయితే కడుపు స్కాన్‌లో ‘ఫేజులు’ ఉంటాయి. కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు ఒకసారి, ధమనుల్లోకి వెళ్లాక ఒకసారి, సిరల్లోకి వచ్చాక ఒకసారి, కాసేపు ఆగి ఇంకోసారి. బిల్లులో ఒకటే స్కాన్, ఒంటి మీద నాలుగు. కాలేయంలో గడ్డ ఏ రకందో తేల్చాలంటే ఆ ఫేజులు కావాల్సిందే. మామూలు కడుపునొప్పికి చాలాసార్లు ఒక్కటి చాలు.

కిడ్నీలో రాళ్ల సంగతి తీసుకోండి. మన ఎండలకు వేసవి వస్తే ఈ నొప్పితో వచ్చేవాళ్లు పెరుగుతారు. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ వస్తుంది, ముప్పై ఏళ్ల కుర్రాడికి యాభై వచ్చేసరికి అరడజను సీటీలు పోగవుతాయి. అమెరికాలో 15 ఆసుపత్రుల్లో 2,759 మంది మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో ముందు అల్ట్రాసౌండ్ చేసినా, ముందు సీటీ చేసినా ప్రమాదకరమైన జబ్బులు దాటిపోయిన సందర్భాల్లో తేడా రాలేదు. రేడియేషన్ మాత్రం తగ్గింది. సీటీయే కావాలన్నా రాళ్ల కోసం లో-డోసు కేయూబీ (కిడ్నీ, మూత్రనాళం, మూత్రాశయం) సీటీ ఉంది, 4 మిల్లీసీవర్ట్‌ల లోపే అయిపోతుంది. రాయి కనిపించడానికి అందమైన బొమ్మ అక్కర్లేదు.

అల్ట్రాసౌండ్‌కీ, ఎమ్మారైకీ ఈ రేడియేషన్ ఉండదని చాలామందికి తెలియదు. అన్నీ ‘స్కానింగే’ కదా మనకు. సీటీ అయ్యాక ఒంట్లో రేడియేషన్ మిగిలిపోతుందన్న భయమూ ఉంది. మిగలదు. స్విచ్ ఆపగానే ఎక్స్‌రే ఆగిపోతుంది, ఇంటికెళ్లి మనవణ్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కించే పెట్ సీటీకి మాత్రం కొన్ని గంటల జాగ్రత్తలు వేరే ఉన్నాయి.

ఇక మళ్లీ మళ్లీ తీయడం. కరీంనగర్‌లో తీసిన స్కాన్ హైదరాబాద్‌లో చెల్లదు, ఒంగోలులో తీసింది గుంటూరులో చెల్లదు. నిజంగా బొమ్మ బాగోలేక కొన్ని, ‘మా దగ్గర తీస్తేనే చూస్తాం’ అని కొన్ని. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారమే నిషిద్ధం. నిషేధం ఉన్నంత మాత్రాన కవర్లు ఆగాయా అన్నది పాఠకులకు నేను చెప్పాల్సిన పని లేదు. ఏ లక్షణమూ లేకుండా ఒళ్లంతా సీటీ తీసే హెల్త్ చెకప్ ప్యాకేజీలు దీనికి తోడు. లక్షణాలు లేనివాళ్లకు అలాంటి స్కాన్ వల్ల లాభం ఉందని రుజువు లేదని అమెరికా నియంత్రణ సంస్థ చెబుతూనే ఉంది. దశాబ్దాలుగా సిగరెట్లు కాల్చినవారికి లో-డోసు ఛాతీ సీటీ మాత్రం దీనికి మినహాయింపు. 53 వేల మందికి పైగా మీద చేసిన పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి మన దేశంలో సీటీ యంత్రాలకు లైసెన్సులిస్తుంది. యంత్రం దగ్గర పనిచేసే టెక్నీషియన్‌కు సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌ల పరిమితి పెట్టింది. అతనికి ఎంత తగిలిందో చొక్కాకి ఉండే టీఎల్‌డీ బ్యాడ్జి లెక్క చెబుతుంది. గది బయట నిలబడ్డ మామూలు మనిషికి పరిమితి ఏడాదికి 1. లోపల బల్ల మీద పడుకున్న రోగికి పరిమితి లేదు, ప్రపంచంలో ఎక్కడా లేదు. అందులో అన్యాయమేమీ లేదు. ప్రాణం కాపాడే పరీక్షకు పైకప్పు పెట్టకూడదు. పరిమితి అక్కర్లేదు సరే, లెక్క కూడా అక్కర్లేదా?

ఆ లెక్క చదవడం ఎలా

ప్రతి సీటీ అయ్యాక యంత్రమే ఒక డోసు పేజీ తయారు చేస్తుంది. అందులో డీఎల్‌పీ (డోస్ లెంగ్త్ ప్రొడక్ట్) అనే అంకె ఉంటుంది. పెద్దవాళ్లకైతే ఛాతీ స్కాన్ డీఎల్‌పీని 0.014తో, పొట్టదైతే 0.015తో, తలదైతే 0.0021తో గుణించండి. వచ్చేది సుమారు మిల్లీసీవర్ట్‌లు. పొట్ట స్కాన్‌కి డీఎల్‌పీ 600 ఉంటే 9. నాలుగు ఫేజులు కలిసి 2,400 అయితే 36. పిల్లలకు గుణకం ఎక్కువ. అయిదేళ్ల పిల్ల తలకి 0.004, అంటే పెద్దవాళ్ల గుణకానికి దాదాపు రెట్టింపు. ఇవి సగటు శరీరానికి వేసిన లెక్కలు, మీ ఒంటికి అచ్చుగుద్దినట్టు సరిపోవు. రెండు సెంటర్లను పోల్చుకోవడానికి, అనుమానం వచ్చినప్పుడు అడగడానికి చాలు.

సీటీ రాసినప్పుడు ‘డాక్టర్‌గారూ, దీని ఫలితాన్ని బట్టి మందు ఏమైనా మారుతుందా? అల్ట్రాసౌండ్‌తో సరిపోదా?’ అని మర్యాదగా అడగండి. మారుతుందంటే మారుమాట లేకుండా తీయించుకోండి. గర్భం ఉన్నా, ఉందన్న అనుమానమున్నా ముందే చెప్పండి. పాత స్కాన్‌ల సీడీలు పెళ్లి ఆల్బమ్‌తో పాటు బీరువాలో పెట్టకుండా వెంట తీసుకెళ్లండి. స్కానింగ్ సెంటర్ గోడ మీద ‘ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అనే బోర్డు ఉండాల్సిందేనని చట్టం చేసి అమలు చేయించిన ప్రభుత్వాలకు, ప్రతి సీటీ రిపోర్టు అడుగున డీఎల్‌పీ ఒక వరుస అచ్చువేయించడం కష్టం కాదు. కొత్త యంత్రం కొనక్కర్లేదు, కొత్త ఉద్యోగం వేయక్కర్లేదు. మీరు ఇప్పటికే డబ్బు కట్టి తెచ్చుకున్న సీడీలో, చాలా సెంటర్లలో, ఆ పేజీ బొమ్మలతో పాటే ఉంటుంది. తెరిచి చూడండి. లేకపోతే వెళ్లి అడగండి.